ఇంకొక్క ముద్ద

"ఇంకొక్క ముద్ద" అన్న మాటని మన ఇళ్లలోంచి తరిమెయ్యడానికి నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. కాకికొకటి, చందమామకొకటి, తాతయ్యకొకటి, ఊళ్లో లేని మేనత్తకొకటి అని, పిల్ల ఇక చాలని నోరు మూసుకున్నాక పెట్టే ఆ నాలుగైదు ముద్దలే ఎనిమిదేళ్ల పిల్లల్ని మెట్లెక్కితే ఆయాసపడేలా చేస్తున్నాయని నా నమ్మకం. ఉత్త నమ్మకం కాదు, దానికి బీరువా నిండా కాగితాలున్నాయి.

అలా ఆయాసపడే పిల్లల్లో నా కూతురు చరిత ఒకతి. ఎనిమిదేళ్లకి ముప్పై ఎనిమిది కిలోలు. దానికి అన్నం పెట్టేది మా అత్తగారు మంగతాయారు. నేను పొద్దున్న ఎనిమిదింటికి ల్యాబుకి వెళితే మళ్లీ ఏడింటికి గాని ఇల్లు చేరను. మా ఆయన గోపీనాథ్ కాకినాడ పోర్టులో రెండో షిఫ్టు, తొమ్మిదిన్నరకి వస్తాడు. ఊరందరి పిల్లల తిండి గురించీ పరిశోధన చేసే నాకు, నా పిల్ల ఏం తిందో సాయంత్రం వచ్చి అడిగితే గాని తెలిసేది కాదు. నవ్వుకోవాలనిపిస్తే నవ్వుకోండి, నేనెప్పుడో నవ్వేసుకున్నాను.

మేం తయారుచేసినదాని పేరు తోడుపట్టీ. పిల్ల పక్కటెముకల కింద రూపాయి బిళ్లంత స్టిక్కరు ఒకటి అంటిస్తాం. పిల్లకి అన్నం పెట్టేవాళ్ల మణికట్టుకి రబ్బరు పట్టీ కడతాం. స్టిక్కరు పిల్ల పొట్ట సంగతి కనిపెట్టి చెబుతుంది, పట్టీ అక్కడున్న నరాన్ని మీటుతుంది. అంతే, పిల్లకి ఆకలేస్తే పెట్టేవాళ్లకి ఆకలేస్తుంది, పిల్ల కడుపు నిండితే వాళ్ల కడుపు నిండుతుంది. ఫోన్ నెట్‌వర్క్ ఉన్నంత మేరా పనిచేస్తుంది కాబట్టి పిల్ల బళ్లో ఉన్నా తెలుస్తూనే ఉంటుంది.

పరీక్షకి నలభై కుటుంబాలని తీసుకున్నాం. నలభై ఒకటో ఇల్లు మాది. సొంతవాళ్లని చేర్చకూడదని రూలు ఉంది కాబట్టి కాగితాల మీద లేదు. నా పిల్ల బాగుపడాలన్న తాపత్రయంలో ఆ రూలుని పక్కన పెట్టాను.

మొదటిరోజు నాకింకా గుర్తుంది. ఆదివారం మధ్యాహ్నం. చరిత ఫోన్లో బొమ్మలు చూస్తోంది, అత్తగారు పప్పన్నం కలిపి పెడుతున్నారు. ఎనిమిదో ముద్ద పిల్ల నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"అదేంటమ్మా వకుళా," అన్నారు నావైపు తిరిగి, "నేనింకా తినందే నా కడుపు నిండిపోయింది?"

"అది మీది కాదండి అత్తయ్యా, చరితది."

ఆవిడ చాలాసేపు పిల్లనే చూశారు. ముద్ద మెల్లగా కంచంలో పెట్టేశారు.

"ఇంత చిన్న కడుపా దీనిది," అన్నారు. "మరి నేనింతకాలం ఎక్కడికి కుక్కుతున్నాను?"

ఆ మాట విన్నప్పుడు తొమ్మిదేళ్ల చాకిరీ ఫలించిందనుకున్నాను.

మా ఇంజనీరు ఖాదర్ ఇంకో పని కూడా చేయించాడు దానిచేత. పిల్ల గంటన్నర పైన కదలకుండా కూర్చుంటే పెట్టేవాళ్ల పిక్కల్లో జివ్వుమని గుంజుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే గాని ఊరుకోదు. అత్తగారికి అది మొదలైతే చరితని రెక్క పుచ్చుకుని డాబా మీదికి లాక్కుపోయేవారు. సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల నేర్పారు. అరవై మూడేళ్ల మనిషి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఒంటికాలి మీద గెంతుతుంటే పక్కింటివాళ్లు పిట్టగోడ దగ్గర నిలబడి చూసేవారు. చరితకి ఫోను మీద మోజు తగ్గింది. మామ్మని ఓడించాలన్న పట్టుదల పెరిగింది.

ఐదు నెలలు తిరిగేసరికి నలభై మంది పిల్లల్లో ముప్పై ఆరుగురు మామూలు బరువుకి దగ్గరపడ్డారు. చరిత పొడుగెదిగి కూడా నాలుగు కిలోలు తగ్గింది. మా డైరెక్టరు సుదర్శనరావుగారు ఎప్పుడూ లేనిది నా గదికి వచ్చి కూర్చుని కాఫీ తాగారు. ఇంకో ఆరు వారాలు పూర్తయితే కమిటీ ఆమోదం వస్తుందనీ, వచ్చే ఏడాదికి జిల్లా అంతా పట్టీలు వెళతాయనీ చెప్పారు. నాకు సంతోషించే ఓపిక కూడా లేదు. ఆరు వారాలయ్యాక ఒక వారం సెలవు పెట్టి పడుకోవాలనుకున్నాను.

ఆ రోజుల్లోనే రత్నకుమారి సంచీతో వచ్చింది. నెలకోసారి ఇళ్లకి వెళ్లి పిల్లల్ని తూచి రాసుకొచ్చేది ఆ అమ్మాయే.

"మేడంగారండి, పట్టీలు వదులైపోతన్నాయంటన్నారండి," అంది. "చిన్న సైజు ఇమ్మంటన్నారు. పోయిన నెల పదకొండు మార్చాను. ఈ నెల ఇరవై."

"చెమటకి రబ్బరు సాగుతోంది," అన్నాను.

"అంతేనంటారా అండి?"

"ఇంకేముంటుంది?"

రబ్బరు సప్లై చేసేవాడితో రెండు వారాలు దెబ్బలాడాను. వాడు సాగదని మొత్తుకున్నాడు. నాణ్యత లేని సరుకు ఇచ్చి బుకాయిస్తున్నావని ఘాటుగా ఉత్తరం రాశాను. వాడికి నేను క్షమాపణ చెప్పాలి, ఇప్పటిదాకా చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. మామ్మా మనవరాలూ తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. అత్తగారు నాలుగో గడిలోంచి ఐదో గడిలోకి గెంతారు. ఆ కుదుపుకి కుడిచేతి బంగారు గాజులు రెండూ వేళ్ల మీదుగా జారి నేల మీద దొర్లుకుంటూ తూము దాకా పోయాయి.

చరిత పరిగెత్తి పట్టుకుంది. నేను తడి చొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ గాజులు ఆవిడ పెళ్లినాటివి. రెండేళ్ల క్రితం చెయ్యి బెణికినప్పుడు సబ్బు రాసి గంటసేపు లాగినా రాలేదు, చివరికి కత్తిరిద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడవి వాటంతటవే ఊడిపడ్డాయి. అదే మణికట్టుకున్న పట్టీ ఆఖరి బెజ్జంలో ఉంది.

రబ్బరు సాగలేదు.

ఇంట్లో పిల్లల్ని తూచే కాటా ఒకటి ఉంది. ఆవిడని కిందికి తీసుకెళ్లి దాని మీద నిలబెట్టాను. ముప్పై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. పోయిన ఏడాది బీపీ చీటీ మీద యాభై ఒకటి అని ఉంది. నా కూతురు ఎనిమిదేళ్లకి తూగిన బరువుకి మా అత్తగారు దిగిపోయారు. ఒకే ఇంట్లో ఉంటూ నాకు కనపడలేదు. చీర చుట్టుకున్న మనిషిని పొద్దున్న హడావుడిలో ఒకసారి, రాత్రి నిద్రకళ్లతో ఒకసారి చూస్తే ఏం కనపడుతుంది అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు.

"నిన్న ఏం తిన్నారండి?" అని అడిగాను.

"తిన్నానమ్మా."

"ఏం తిన్నారు?"

ఆవిడ ఆలోచనలో పడ్డారు. గోడవైపు చూశారు. "మజ్జిగ తాగాను. ఆకలి లేదు మరి."

చరిత గాజులు రెండూ తన చేతికి తొడుక్కుని వచ్చి కాటా పక్కన నిలబడింది. "మామ్మ ఎప్పుడు తింటుందో నేనెప్పుడూ చూళ్లేదు," అంది.

చూడదు. చరిత పొద్దున్న ఏడున్నరకి టిఫిను తింటుంది. అత్తగారు ఇంటి పనంతా తెముల్చుకుని పదింటికి తింటారు, ఆ వేళకి బళ్లో పిల్ల ఇంటర్వెల్ డబ్బా ఖాళీ చేసి ఉంటుంది. మధ్యాహ్నం పిల్లకి పన్నెండున్నర, ఆవిడకి రెండు. రాత్రి పిల్ల ఏడున్నరకి తింటే ఆవిడ కొడుకు వచ్చి తిన్నాక, నేనూ నిద్రకళ్లతో తిని లేచిపోయాక పదింటికి కూర్చుంటారు. ఏ పూట చూసినా ఆవిడ తినే వేళకి పిల్ల కడుపు నిండి ఉంటుంది, పట్టీ దయవల్ల ఆవిడదీ నిండి ఉంటుంది. నాలుగింటికి బడి నుంచి వచ్చేటప్పుడు పిల్లకి ఆకలేస్తుంది, ఆవిడకీ వేస్తుంది. అప్పుడావిడ చేసేది పిల్లకి పెట్టడం. పిల్ల తింటే ఆవిడ ఆకలి తీరిపోతుంది.

తోడుపట్టీ పెట్టె మీద ఒక బొమ్మ ఉంటుంది. టేబుల్ చుట్టూ అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ కూర్చుని నవ్వుతూ తింటుంటారు. ఆ బొమ్మ ఎంచింది నేనే. నా లెక్కలన్నీ ఆ బొమ్మ చూసి వేసినవే, పెద్దాళ్లూ పిల్లలూ ఒకే వేళకి తింటారని. మా ఇంట్లో ఆ టేబుల్ మీద ఊరగాయ జాడీలూ ఇస్త్రీ బట్టలూ ఉంటాయి. మా ఇంట్లో ఆడవాళ్లు ఆఖరున తింటారు. ఇలా పుట్టి, ఇలా పెరిగి, ఇదే ఇంట్లో ఆఖరున తింటున్న దాన్ని, అది నాకు తట్టలేదు.

పట్టీ విప్పబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"తియ్యకమ్మా."

"చచ్చిపోతారండి అత్తయ్యా."

"అంత మాటెందుకు." నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పారు. "పదిహేడేళ్లకి వచ్చాను ఈ ఇంటికి. తొమ్మిది మంది. అందరూ తినేసరికి మూడయ్యేది. ఒక్కోరోజు గిన్నె అడుగున ఏమీ ఉండేది కాదు, నీళ్లు తాగి పడుకునేదాన్ని. ఆకలి అలవాటైపోతుందంటారు గాని అవ్వదమ్మా. ఇది కట్టినకాడి నుంచి వడ్డిస్తుంటే కడుపులో గుంజడం లేదు. అందరూ తినేదాకా హాయిగా కూర్చోగలుగుతున్నాను. నువ్వు చేసినవాటిల్లో ఇదే మంచిది."

ఆవిడ మెచ్చుకుంటున్నారు.

విప్పేశాను. ఆవిడ మరి అడ్డుపడలేదు, మణికట్టు మీద పడిన తెల్లటి చారని రుద్దుకుంటూ కూర్చున్నారు.

డాక్టరు రక్తపరీక్ష చూసి మొహం చిట్లించాడు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే గుండె మీద పడేదని చెప్పాడు.

సోమవారం రత్నకుమారిని పంపి పెద్దాళ్లని కూడా తూచి రమ్మన్నాను. వాళ్ల పాత ఆసుపత్రి చీటీలతో పోల్చి చూస్తే నలభై ఇళ్లలో ముప్పై మూడిళ్ల ఆడవాళ్లు తగ్గారు. అమ్మలు కొందరు, అమ్మమ్మలు కొందరు, ఒకచోట పెళ్లికాని పిన్ని. మా ఫారాల్లో పిల్ల బరువుకే గడి ఉంది, పెట్టేవాళ్ల బరువుకి లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. బట్టలు వదులయ్యాయని కొందరు సంబరపడ్డారట.

సుదర్శనరావుగారు కాగితం రెండుసార్లు చదివారు. "ఇది మన పరీక్షలో భాగం కాదు కదమ్మా. మిగిలిన నాలుగు వారాలూ ఆగలేమా?"

"ఆగలేమండి."

"పిల్లలు మళ్లీ లావవుతారు. ఆలోచించావా?"

"ఆలోచించానండి."

మా ఇంటి సంగతి కూడా రాసిచ్చాను. నా మీద విచారణ పడింది. పట్టీలు వెనక్కి తెప్పించాం. ముప్పై ఏడే వచ్చాయి. ఒకావిడ పోయిందని చెప్పి పోపులపెట్టెలో దాచుకుందట. రత్నకుమారి కనిపెట్టి అడిగితే, "ఉపవాసం రోజుల్లో చాలా సుఖంగా ఉంటందండి, ఉంచెయ్యండి" అని బతిమాలిందట. మిగతా రెండిళ్లవాళ్లు తలుపే తియ్యలేదు. వాటిని ఖాదర్ ల్యాబు నుంచే పనిచెయ్యకుండా ఆపేశాడు.

ఇంట్లో టేబుల్ మీది జాడీలు తీసేశాను. ఏడున్నరకి అందరం కలిసి తింటామనీ, నీకు మూత పెట్టి ఉంచుతామనీ గోపీనాథ్‌కి చెప్పాను.

"దానిదేముంది, నేను వచ్చి పెట్టుకు తింటాలే," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే నాకు ఏడుపొచ్చింది. తన కోసం ఆగమని ఆయనెప్పుడూ అడగలేదు. ఆగొద్దని అనలేదు. ఎందుకాగుతున్నారని నేనూ అడగలేదు.

పట్టీ విప్పాక కూడా అత్తగారికి ఆకలి రాలేదు. ఐదు నెలలపాటు అడిగి అడిగి ఒళ్లు అడగడం మానేసిందన్నాడు డాక్టరు. ఎప్పుడొస్తుందో చెప్పలేం, గడియారం చూసి తినిపించండన్నాడు. రాత్రిపూట నా ఎదురుగా నాలుగు మెతుకులు కొరికేవారు. పగలు నేను ఫోన్ చేస్తే "తిన్నానమ్మా" అనేవారు. నలభై ఆరేళ్లుగా అంటున్న మాట, తడుముకోకుండా వచ్చేది. వారానికి మూడు వందల గ్రాములు తగ్గుతూనే ఉన్నారు.

ఖాదర్‌ని అడిగాను. "తిప్పి కట్టగలవా?"

"అంటే అక్కా?"

"స్టిక్కరు ఆవిడకి. పట్టీ నాకు."

ఖాదర్ కాసేపు స్క్రూడ్రైవరు తిప్పుతూ కూర్చున్నాడు. "కుదురుతుంది. కానీ ఆవిడకి ఆకలి లేదు కదా అక్కా, నీకూ పోతుంది."

"గడియారం చూసుకుని తింటాను."

అలా అది నా చేతికొచ్చింది. కట్టుకున్న మొదటి పూట తెలిసింది ఆవిడ ఎలా ఉంటున్నారో. నిండినట్టూ కాదు, ఖాళీ అయినట్టూ కాదు. మూసేసిన గదిలా ఏమీ లేదు. ఆవిడ "తిన్నాను" అన్నప్పుడూ అంతే, తిననప్పుడూ అంతే. నేను డబ్బా తెరిచి, టైము చూసుకుని, మందు మింగినట్టు మింగేదాన్ని. ఏ రుచీ తెలిసేది కాదు. చరిత మళ్లీ కిలోంపావు పెరిగింది, డాబా మీద దానితో గెంతే మనిషి మంచం మీద పడుకుని ఉంది మరి. నేను సాయంత్రం వచ్చాక దాన్ని తీసుకుని పైకి వెళ్లేదాన్ని. ఐదో గడి దాకా వెళ్లేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. గళ్లు సరిగా గియ్యలేదని అది నన్ను కసిరేది.

పంతొమ్మిదో రోజు విచారణ. కమిటీవాళ్లు ఐదుగురు బల్లకి అటువైపు, నేనొక్కదాన్నీ ఇటువైపు. పెట్టేవాళ్ల బరువు ఎందుకు చూడలేదని ఒకాయన అడుగుతున్నాడు. పదకొండూ ఇరవై అయింది. జవాబు చెబుతూ చెబుతూ ఆగిపోయాను. పక్కటెముకల కింద ఎవరో సన్నగా మెలిపెట్టినట్టయింది. కాఫీ పడలేదేమో అనుకున్నాను. తొమ్మిదింటికి గడియారం చూసుకుని నాలుగిడ్లీలు తిన్నాను కాబట్టి అది నాది కాదు. మళ్లీ గుంజింది. నోట్లో నీళ్లూరాయి. ఎదురుగా ఉన్నాయన మీద ఊరికే చిరాకేసింది.

"ఒక్క నిమిషమండి," అని లేచి వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నారండి అత్తయ్యా?"

"చింతపండులో గింజలు తీస్తున్నా. ఏమ్మా, ఈ వేళప్పుడు?"

"మీకు ఆకలేస్తోందండి."

"ఆకలా? ఏమోనమ్మా. పొట్టలో అదోలా ఉంది. గ్యాసనుకున్నా."

"గ్యాసు కాదండి."

"అయితే అమ్మడు బడి నుంచి రానీ, దానితోపాటు..."

"అది నాలుగింటికొస్తుంది. ఇప్పుడు తినండి."

"సరేలే, తింటా. పెట్టెయ్."

"పెట్టను. తినండి."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. రెండు నిమిషాలయ్యాక మళ్లీ ఆవిడ గొంతు. "తిన్నానమ్మా."

"లేదండి. నాకింకా ఆకలేస్తోంది."

ఆవిడ నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. "మంచిదానివే దొరికావు నా ప్రాణానికి," అంటూ లేచారు. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు, గిన్నె మూత చప్పుడు, తర్వాత కంచం. ఏమేసుకున్నారని అడిగితే చల్లన్నం, మాగాయ టెంక అన్నారు. వరండా గోడకి ఆనుకుని వింటున్నాను. తింటూ ఆవిడ ఏమీ మాట్లాడలేదు. గుంజడం కొద్దికొద్దిగా సడలింది. పొట్ట వెచ్చగా అయింది. మూసి ఉన్న గదిలో ఎవరో దీపం పెట్టినట్టుంది. నా కళ్లు తడయ్యాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"చాలమ్మా," అన్నారు ఆవిడ. "నిండింది."

ఈసారి నిజమే చెప్పారు. నా కడుపూ నిండింది. పిల్లయినా పెద్దయినా ఒళ్లు చాలంటే అక్కడే ఆపాలని తొమ్మిదేళ్లుగా ఊరూరా చెప్పినదాన్ని నేనే. లోపల్నుంచి గుమాస్తా వచ్చి అందరూ ఎదురుచూస్తున్నారని సైగ చేశాడు.

"ఇంకొక్క ముద్దండి అత్తయ్యా," అన్నాను.

"ఎవరి పేరు చెప్పి?"

"మీ పేరు చెప్పి."

అవతల కంచంలో వేళ్లు కదిలిన చప్పుడైంది.